కాటా మీద ఇల్లు

నా భార్య మంగతాయారును రెండు రాష్ట్రాల రవాణా శాఖలు కలిసి కాటా మీద నిలబెట్టి చంపాయి. దీని మీద నేను వాదన పెట్టుకోను. వెన్నులో రాచపుండు ఒంటినిండా పాకిందని, ఎలాగూ బతకదని డాక్టర్లు రాశారు. ఆ మాట నిజమే. ఎలాగూ బతకని మనిషికి మిగిలిన ఒక్క కోరికను ఎవరు మింగారన్నదే నేను చెప్పే సంగతి.

కోరిక పెద్దదేమీ కాదు. వాళ్లక్క కనకమాలక్ష్మిని పక్క రాష్ట్రంలో ఇచ్చారు. ఆవిడా మంచం పట్టింది, కదలలేదు. మంగతాయారు కూర్చోలేదు, వెన్ను నిలవదు. పడుకునే వెళ్లాలి. ఫోనులో మొహం చూపిస్తానంటే, "అక్క చెయ్యి పట్టుకోవాలండీ. ఫోనులోంచి చెయ్యొస్తదా?" అంది. అంబులెన్సు మాట్లాడతానంటే, "అందులో ఎక్కితే అప్పుడే పోయినట్టుంటది. నా ఇంట్లోంచి నేను కదలను" అంది.

అందుకని ఇల్లే కదిలేటట్టు చేశాను.

నేను బస్సులకు బాడీలు కట్టేవాణ్ణి. చదువు మా ఊరి బడితో సరి. పాత బస్సు చాసిస్ ఒకటి కొని దాని మీద ఇల్లు కట్టాను. ముందు స్టీరింగు, దాని వెనక వంటిల్లు, ఆ వెనక మంచం. ముందువైపు నేను ఎక్కడానికి సన్నటి తలుపు. వెనకవైపు మంచం పట్టేంత పెద్ద తలుపు. అరుగు లేకుండా ఇల్లేమిటని ఆవిడ అడిగితే, ఆ పెద్ద తలుపునే కిందికి విప్పితే అరుగయ్యేట్టు బిగించాను. గడపకు పసుపు రాయించింది. బండి పూజ చేయిద్దామంటే ఒప్పుకోలేదు. "ఇంటికి బండి పూజేంటండీ, పాలు పొంగించండి" అంది. పొంగించాం. మా మేస్త్రీలు ఫోటోలు తీసి ఊరందరికీ పంపారు.

మా జిల్లా ఆఫీసులో చూసి, తూచి, ఇంటిబండి అని రిజిస్టరు చేశారు. నాకు హెవీ లైసెన్సు ఉంది. కాగితాలన్నీ ఉన్నాయి.

ఆ ఏడే జనానికి చక్రాల ఇళ్ల మోజు పుట్టింది. డబ్బున్నవాళ్లు విదేశాల నుంచి రైలుపెట్టెలంత బండ్లు తెప్పించి, వాటిలో స్నానాలతొట్లు పెట్టుకుని, కొండల మీదికి పోయి ఫోటోలు దిగుతున్నారు. అలాంటిదొకటి ఘాటురోడ్డు మలుపులో ఇరుక్కుని ఒక మంత్రిగారిని బావమరిది పెళ్లికి అందకుండా చేసింది. దాంతో రెండు ప్రభుత్వాలూ కూర్చుని ఒక నియమావళి రాశాయి. పేరు 'సంచార నివాస వాహనముల బరువు, చోదక అర్హత మరియు సరిహద్దు దాటింపు నియమావళి'. అది అమల్లోకి వచ్చిన వారానికి మేము బయలుదేరాం.

సరిహద్దు దగ్గర రెండు రాష్ట్రాలూ పొదుపు చేసి ఒకే కాటా పెట్టుకున్నాయి. లారీలను తూచే ఆ ఇనుప పలక సరిగ్గా గీత మీద ఉంది. సగం ఇటు, సగం అటు. ఇటు సగానికి ఇన్‌స్పెక్టరు సుధాకరమూర్తి. అటు సగానికి ఇన్‌స్పెక్టరు భూమయ్య. పక్క గదిలో కూర్చుని అంకెలు చదివేవాడు దావీదు.

బండి కాటా ఎక్కించాను. దావీదు కిటికీలోంచి కేకేశాడు. "సరిపోయింది సార్. ఇంకో ఇద్దరు ఆడపడుచుల్ని ఎక్కించినా పర్లేదు."

సుధాకరమూర్తి నవ్వలేదు. నియమావళి పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చి లోపలికి తొంగిచూశాడు.

"లోపల ఎవరున్నారు?"

"నా భార్య."

"కూర్చున్నారా, పడుకున్నారా?"

"పడుకుంది. కూర్చోలేదు."

అతను పేజీ తిప్పాడు. "కూర్చున్నవారు ప్రయాణికులు. పడుకున్నవారికి బెర్తు పర్మిట్టు ఉండవలెను. అది స్లీపరు బస్సులకే ఇస్తారు. బెర్తు పర్మిట్టు లేకుండా వాహనంలో అడ్డముగా ఉన్నదేదైనను సరుకుగా పరిగణించబడును."

"మనిషండీ ఆవిడ."

"మనిషి కాదని నేను అనట్లేదు గవర్రాజు గారూ. అడ్డంగా ఉన్నారంటున్నాను. సరుకు పంపినవారు ఎవరు, అందుకొనువారు ఎవరు?"

"పంపింది నేను. అందుకునేది వాళ్లక్క."

మంగతాయారు లోపలినుంచి వింటోంది. "ఏవండీ, సరుకనే రాయించెయ్యండి. అక్క వాకిట్లో దింపితే చాలు. నుదుటి మీద ముద్దర కొడతామంటే మటుకు ఒప్పుకోకండి" అంది.

"అమ్మగారు సహకరిస్తున్నారు, సంతోషం" అన్నాడు సుధాకరమూర్తి. "కానీ ప్యాకింగు లేని సరుకును సరిహద్దు దాటించరాదు."

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అతను చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఏదో ఒకటి పుచ్చుకుని వదిలేసేవాడు. ఇతను సాయం చేద్దామనుకున్నాడు. కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించి, నాకు ఉపాయం చెప్పాడు.

"దీన్ని వాహనం అనుకుంటేనేనండి ఈ చిక్కంతా. నివాసం అనుకోండి. నివాసంలో మనిషి అడ్డంగా ఉండొచ్చు, నిలువుగా ఉండొచ్చు. శాఖకు అభ్యంతరం లేదు."

"ఇల్లంటే పోనిస్తారా?"

"ముందు ఇల్లని తేలనివ్వండి."

తేల్చారు. అరుగు విప్పించి టేపుతో కొలిచారు. గడప మీద పసుపు గోటితో గీకి చూశారు. మా మేస్త్రీలు పంపిన ఫోటో తిరిగి తిరిగి దావీదు ఫోనులోకి కూడా చేరిందట, అతనే తెచ్చి చూపించాడు.

"పాలు పొంగించారా?" అన్నాడు సుధాకరమూర్తి.

"పొంగించాం."

"ఏ దిక్కుకు పొంగాయి?"

"తూర్పుకి."

రాసుకున్నాడు. "ఇక సందేహానికి తావు లేదు. నివాసమే." ఉత్తర్వు రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టాడు. నివాస లక్షణమునకు ప్రధాన సాక్ష్యం అరుగు కనుక, దాన్ని ఎవరూ మార్చకుండా పైకి మూయించి, గుడ్డ చుట్టి లక్క సీలు వేశాడు. అంటే వెనక తలుపు మూసుకుపోయింది. అప్పుడు నాకది పెద్ద సంగతిగా తోచలేదు. అక్క ఊళ్లో దిగేముందు ఎవరో ఒకరు విప్పుతారనుకున్నాను.

ఇంజను వేసి కదిలించబోతే అటువైపు నుంచి భూమయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏంది పెద్దమనిషీ, ఇల్లు తోల్కొస్తున్నవా?"

"ఇల్లని ఆయనే రాశాడు."

"రాసిండు. మేం గాదంటలేం. ఇల్లంటే దానికో ఊరుండాలె, జాగ ఉండాలె, పంచాయతి పర్మిషన్ ఉండాలె. గీత జూడు. నీ ముందు చక్రాలు మా దిక్కున్నయి. అంటే నీ వంటిల్లు మా రాష్ట్రంల లేసింది. పడకగది ఆ దిక్కు ఉన్నది. పర్మిషన్ లేకుండ వంటిల్లు ఎట్ల లేపుతవు? అక్రమ కట్టడం గాదా?"

"కూల్చేస్తారా?"

"నోటీసు ఇయ్యకుండ ఎట్ల కూలుస్తం? చట్టమున్నది గద."

"వద్దులే. వెనక్కి తీసుకుపోతాను" అన్నాను.

ఆ మాటకు సుధాకరమూర్తి పరుగెత్తుకొచ్చాడు. "వెనక్కి ఎలా తెస్తారండీ? వంటగది ప్రస్తుతం అవతలి రాష్ట్ర పరిధిలో ఉంది. పరాయి రాష్ట్రపు కట్టడాన్ని మా రాష్ట్రంలోకి ప్రవేశపెట్టే వీలు నియమావళిలో లేదు. అదీగాక, ఇల్లు నడపడానికి మీకు లైసెన్సు ఏది?"

"హెవీ ఉందిగా."

"హెవీ లైసెన్సు వాహనానికి. ఇది వాహనం కాదని ఇందాకే తేలిపోయింది. ఇల్లు నడిపే లైసెన్సు ఏ శాఖ జారీ చేయాలో స్పష్టత కోరుతూ పైకి రాస్తున్నాను. అది వచ్చేదాకా మీరు స్టీరింగు ముట్టుకోకూడదు."

తాళం నా దగ్గరే ఉంచుకోమన్నాడు. ఇంటి తాళం యజమాని దగ్గరే ఉండాలట. రెండు వైపులా గేట్లు దించి, ఇద్దరు కానిస్టేబుళ్లను కాపలా పెట్టాడు.

మరి మిగతా లారీలు? కాటా మీద మా ఇల్లుంది. వాటిని తూచకుండా పక్క మట్టిరోడ్డు మీదుగా పంపమని తాత్కాలిక ఉత్తర్వు వచ్చింది. ఆ కబురు లారీలవాళ్లకు ఎలా తెలిసిందో గాని, మర్నాటినుంచి మూడు జిల్లాల ఇసుక, కంకర, గ్రానైటు ఆ దారినే పట్టాయి. టైర్లు పగిలేంత లోడుతో పోతూ డ్రైవర్లు నాకు నమస్కారాలు పెట్టేవారు. ఒకతను కొబ్బరికాయ కూడా ఇచ్చిపోయాడు. బరువు నియమం పుణ్యమా అని ఆ రోడ్డు మీద బరువు చూసే నాథుడు లేకుండా పోయాడు.

మాకు మాత్రం లోటు రానివ్వలేదు. ఇటు పంచాయతీ వచ్చి వెనక తలుపుకు డోరు నంబరు రాసింది. అటు పంచాయతీ వచ్చి ముందు తలుపుకు ఇంకో నంబరు రాసింది. దోమల మందు ఇద్దరూ కొట్టారు. జనాభా లెక్కలవాడొకడు వచ్చి, నేను ఎక్కువసేపు ఏ గదిలో ఉంటానని అడిగాడు. వంట చేసేటప్పుడు అవతలివాణ్ణని, తినేటప్పుడు ఇవతలివాణ్ణని రాసుకుపోయాడు.

మంగతాయారు రోజూ అక్కకు ఫోను చేసేది. "వచ్చేస్తన్నానే. గీత మీదున్నాం. మీ మరిది వంట మీ రాష్ట్రంలో చేస్తన్నారు, నేను మా రాష్ట్రంలో తింటన్నాను. ఉప్పు మటుకు రెండు రాష్ట్రాల్లోనూ తగ్గింది." అక్కడ అక్క నవ్వేది. ఫోను పెట్టేశాక ఈవిడ గోడవైపు తిరిగేది. నొప్పి ఎక్కువైందని ఆ తిరగడంలోనే తెలిసేది.

బిళ్లలు పనిచెయ్యడం మానేశాయి. అప్పుడు తనే అంది. "పోనీ ఆ అంబులెన్సే పిలవండి. నాకు ఇల్లూ వద్దు, ఏమీ వద్దు. అక్క దగ్గరికి చేరిస్తే చాలు."

పిలిచాను. వచ్చింది. ముందు తలుపు సన్నం. మంచం రాదు, పడుకోబెట్టిన మనిషి రాదు. వెనక తలుపు తియ్యాలి. సుధాకరమూర్తి దగ్గరికి పోయాను.

"సీలు తియ్యండి. మంచం దింపాలి."

"సీలు వేసే అధికారమే నాకుందండి. తీసే అధికారం పై ఆఫీసుది. ఈ రోజే రాస్తాను." కాస్త ఆలోచించి, మంచి మాట చెప్పినట్టు చెప్పాడు. "ముందు తలుపులోంచి కూర్చోబెట్టి దింపుకోండి. మాకేం అభ్యంతరం లేదు."

"కూర్చోగలిగితే ఆవిడ ప్రయాణికురాలే కదయ్యా. ఈపాటికి అక్కడుండేది."

"అదీ నిజమే" అన్నాడు. ఫైలులో అది కూడా రాసుకున్నాడు.

నేను పనిముట్ల పెట్టెలోంచి పెద్ద స్పానరు తీశాను. కానిస్టేబుళ్లు లేచి నిలబడ్డారు. లోపలినుంచి మంగతాయారుకు చప్పుడు తెలిసిపోయింది. "వద్దండీ. మిమ్మల్ని పట్టుకుపోతే నా దగ్గరెవరుంటారు?" అంది. స్పానరు పెట్టెలో పెట్టాను. అంబులెన్సు ఖాళీగా పోయింది.

ఇంకో రెండు రోజులు. తర్వాత ఒక పొద్దున అవతలి రాష్ట్రంలో కాఫీ కలిపి, నాలుగడుగులు వేసి ఇవతలి రాష్ట్రంలోకి వచ్చేసరికి ఆవిడ లేదు.

సీలు అప్పుడే తీశారు. పై ఆఫీసుకు ఫోను చేస్తే కాఫీ చల్లారేలోపు అనుమతి వచ్చింది. మృతదేహాలను సరిహద్దుల వద్ద ఆపరాదని వేరే సర్క్యులరు ఉందట. మానవతా దృక్పథంతో జారీ చేసిందట. శవం అడ్డంగా ఉండొచ్చు. దానికి ప్యాకింగు అక్కర్లేదు, బెర్తు అక్కర్లేదు, పంపినవారి పేరు అక్కర్లేదు. భూమయ్య తనే గేటెత్తి, టోపీ తీసి నిలబడ్డాడు.

ఇల్లు కాటా మీదే వదిలి, ఆవిణ్ణి అంబులెన్సులో తీసుకెళ్లాను. అక్క ఊరు అక్కడికి గంట ప్రయాణం. కనకమాలక్ష్మి మంచాన్ని నలుగురు మోసుకొచ్చి వాకిట్లో వేశారు. ఆవిడ చెల్లెలి చెయ్యి చాలాసేపు పట్టుకుంది. వాళ్లక్క మంగతాయారును చూసింది. మంగతాయారు వాళ్లక్కను చూడలేదు.

అక్కడే దహనం చేశాం. ఆ ఊరి పురోహితుడు పోయిన వేళ అడిగి, పంచాంగం చూసి, పెదవి విరిచాడు. ధనిష్ఠ నక్షత్రం. ధనిష్ఠలో మనిషి పోతే, పోయిన ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలన్నాడు. గడప ఎవరూ దాటకూడదు. దాటితే ఆ కుటుంబంలోనో, దాటించినవాళ్ల కుటుంబంలోనో ఇంకోటి జరుగుతుంది.

నాకు నక్షత్రాల మీద నమ్మకం లేదు. సుధాకరమూర్తికి ఉంది. అతని జీపుకు నిమ్మకాయలు, ఆఫీసుకు బూడిదగుమ్మడికాయ నేను రోజూ చూస్తూనే ఉన్నాను. పెద్దకర్మ చేసి తిరిగొచ్చి, ఆ మాట అతనికి చెప్పాను.

"ధనిష్ఠా?" అన్నాడు. మొహంలో నెత్తురు లేదు. "అరుగు మీద సీలు నా చేత్తోనే తీశానండీ. ముందే చెప్పొద్దూ?"

భూమయ్య నాలుగడుగులు వెనక్కి వేశాడు. "ప్రాణం పోయింది పడకగదిల. అది మీ దిక్కున్నది. దోషం మీకే."

"ఇల్లంతటికీ ఒకటే దోషమండీ. వంటగది మీ పరిధిలోనే ఉంది."

"మా దిక్కు ఉన్నది అక్రమ కట్టడం. అక్రమ కట్టడానికి దోషం ఉండదు."

ఈ పరిధి సంగతి కూడా ఇద్దరూ పైకి రాశారు. అప్పటినుంచి రెండు శాఖలవాళ్లూ ఆ కాటా చాయలకు రాలేదు. దావీదు తన గదికి వెనకనుంచి గోడ పగలగొట్టి దారి చేసుకున్నాడు. నేను చెట్టు కింద కుర్చీలో కూర్చుని చూస్తున్నాను.

అలా ఎన్నాళ్లయినా ఉండేదే గాని, తూకం లేకుండా పోతున్న లారీల కింద మట్టిరోడ్డు చివరి కల్వర్టు కూలింది. రెండు రాష్ట్రాల మధ్య రాకపోకలు నిలిచిపోయాయి. అప్పుడు జాయింటు కమిషనరు హైమావతి గారు వచ్చారు. షామియానా వేశారు. నన్ను పిలిచి పక్కన కుర్చీ చూపించారు.

"గవర్రాజు గారూ, మీకు జరిగిన నష్టానికి శాఖ తరఫున విచారం వ్యక్తం చేస్తున్నాను. మానవీయ కోణంలో ఆలోచించి బండి తీసెయ్యండి."

"బండి కాదమ్మా, ఇల్లు. మీ శాఖ ముద్ర ఉంది. ఇల్లు నడిపే లైసెన్సు నాకు లేదు. పైగా మూసిన ఇల్లు. మీవాళ్లెవరినైనా గడప దాటి తీసుకోమనండి."

ఆవిడ తనవాళ్లవైపు చూసింది. అందరూ నేలవైపు చూశారు.

"మీకేం కావాలో చెప్పండి" అంది.

"ఒక్క వాక్యం. బతికున్న మంగతాయారును ఇక్కడ మేమే ఆపాం అని రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి ఇవ్వండి. ఆ క్షణమే తీస్తాను."

"పరిశీలిస్తాం" అంది.

షామియానా కింద సాయంత్రం దాకా పరిశీలించారు. రెండు వైపుల అధికారులూ ఏకాభిప్రాయానికి వచ్చిన సందర్భం ఆ సరిహద్దు పుట్టాక అదొక్కటేనని దావీదు చెప్పాడు. ఉత్తర్వు సుధాకరమూర్తే చదివి వినిపించాడు.

"సదరు వాహనము ఆది నుండియు వాహనమే అయి ఉన్నది. నివాసమని పొరపాటున వ్రాయబడిన వ్రాతలన్నియు మొదటి తేదీ నుండి చెల్లవు. వాహనపు బరువు పరిమితిలోనే ఉన్నది. చోదకునకు తగిన లైసెన్సు ఉన్నది. అనారోగ్యముచే శయనించియున్న వ్యక్తి ప్రయాణికురాలే. కావున సదరు వాహనమును ఏ దశలోను నిలుపవలసిన అవసరము ఉత్పన్నము కాలేదు. నిలుపబడలేదు."

చదవడం అయ్యాక అతను పక్కకు పోయి, ఆ పురోహితుడికి ఫోను చేసి, వాహనానికి ధనిష్ఠ వర్తిస్తుందా అని అడిగాడు. వర్తించదని చెప్పాడట. మొహం తేటపడింది.

"అంటే ఆవిణ్ణి ఆపలేదా?" అన్నాను.

"రికార్డు ప్రకారం లేదండి."

"ఆ మొదటి రోజు మజ్జిగ తాగి నేరుగా వెళ్లిపోవచ్చన్నమాట."

"ఉత్తర్వు ప్రకారం వెళ్లిపోవచ్చండి."

"మరి అన్నాళ్లూ మేమిక్కడ ఏం చేశాం?"

అతను ఫైలు తిరగేశాడు. నిజంగానే వెతికాడు. చివరికి తలెత్తి, "మీరు ఆగి ఉన్నారండి" అన్నాడు.

రెండు గేట్లూ ఎత్తేశారు. రోడ్డు అటూ ఇటూ ఖాళీగా ఉంది. నేను ఎక్కి, ఇంజను వేసి, వెనక్కి దింపి, మా ఊరి దారి పట్టాను. ఎవరూ చెయ్యి అడ్డం పెట్టలేదు.

తర్వాత పత్రికలవాళ్లు వచ్చారు. తలుపు తియ్యలేదు. ఒక లాయరు వచ్చి, కేసు వేస్తే గెలుస్తామన్నాడు. ఏం గెలుస్తానో చెప్పమంటే, కార్డు ఇచ్చి పోయాడు. మొన్న రవాణా శాఖ నుంచి ఆహ్వానపత్రిక వచ్చింది. రోడ్డు భద్రతా వారోత్సవాల్లో, శాఖకు సహకరించిన పౌరుడిగా, నా అనుభవాలు నాలుగు మాటల్లో చెప్పాలట. శాలువా కప్పుతారట.

చెప్పేది ఇక్కడే చెప్పేశాను. ఆ వేదిక మీద గాని, కోర్టులో గాని, ఇంటికొచ్చిన చుట్టంతో గాని, నేను బతికుండగా దీని గురించి ఇంకో మాట మాట్లాడను.